జోమీలు ఎవరు, ఎక్కడివాళ్లు? కుకీ, చిన్, మిజోలతో వాళ్లకు సంబంధం ఏమిటి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ ఆఫీసులో చురాచాంద్‌పుర్ నుంచి వచ్చిన సహోద్యోగిని "మీరు కుకీలు కదా" అంటే "కాదు, జోమీ" అన్నారు. ఆయన ఎస్టీ సర్టిఫికెట్‌లో మాత్రం "పైతే" అని ఉంది. నెట్‌లో వెతికితే చిన్ అని ఒకచోట, మిజో అని ఇంకోచోట, ఇజ్రాయెల్ నుంచి వచ్చినవాళ్లని మరోచోట కనిపించింది. ఇందులో ఏది నిజం, అసలు వాళ్ల మూలం ఎక్కడ?

ముందు సూటిగా జవాబు. పైతే ఆయన తెగ. జోమీ ఆ తెగా, దాని సోదర తెగలూ కలిసి తమకు తాము పెట్టుకున్న ఉమ్మడి పేరు. కుకీ, చిన్ అనేవి బయటివాళ్లు పెట్టిన పేర్లు. కొందరు వాటిని సొంతం చేసుకున్నారు, కొందరు వద్దనుకున్నారు. మిజో కూడా జోమీలాగే లోపలి నుంచి వచ్చిన పేరే, కాకపోతే అది ఎక్కువగా మిజోరంలో స్థిరపడింది. వీళ్లందరి భాషలూ టిబెటో-బర్మన్ కుటుంబంలో ఒకే శాఖవి. బంధుత్వం చాలా పాతది, దాన్ని ఒకే పేరు కిందికి తేవాలన్న ప్రయత్నం మాత్రం ఆధునికం. ఈ రెంటినీ కలిపేసి చూస్తేనే తికమక. ఇజ్రాయెల్ మాట చివర్లో చెప్తాను.

పలకడం గురించి ఒక చిన్న మాట. జోమీలో "జో"ను జొన్నలో జ లాగా పలకండి, జిల్లాలో జ లాగా కాదు. అసలు ఉచ్చారణకు అదే దగ్గర.

ఎక్కడ ఉంటారు

మయన్మార్‌లో చిన్ రాష్ట్రపు ఉత్తర భాగం (తెదిమ్, తోన్‌జాంగ్ పట్టణాలు, వాటి చుట్టూ కొండలు) వీళ్ల గుండెకాయ. దాని తూర్పున కొండల కింద కలే లోయ. మనవైపు మణిపుర్‌లో చురాచాంద్‌పుర్ ప్రధాన కేంద్రం. ఆ ఊరిని స్థానికులు లమ్‌కా అంటారు. చురాచాంద్ మణిపుర్ మహారాజు పేరు కాబట్టి ఏ పేరు వాడతారన్నది కూడా అక్కడ రాజకీయమే. మిజోరం తూర్పు భాగంలో పైతేలు ఉన్నారు. వలస వెళ్లినవాళ్లలో మలేసియా, అమెరికా ముఖ్యం. ఓక్లహోమాలోని టల్సా నగరంలో వేల మంది జోమీలు ఉన్నారు. అమెరికాలోనే ఇండియానాపొలిస్‌లో ఉన్నవాళ్లు ఎక్కువగా హాఖా, ఫలామ్ (చిన్ రాష్ట్రంలో తెదిమ్‌కు దక్షిణాన ఉన్న పట్టణాలు) వైపు నుంచి వెళ్లినవాళ్లు, వాళ్లు తమను "చిన్" అనే చెప్పుకుంటారు. ఒకే కొండల వరస నుంచి వెళ్లినా అక్కడ కూడా పేర్లు వేరు.

మణిపుర్‌లో జోమీ పేరు కింద చేరిన తెగల్లో పైతే, సిమ్‌తే, వైఫే, జౌ, తెదిమ్ చిన్, మాతే, థాంగ్‌ఖాల్ వంటివి ఉన్నాయి. థాడౌ తెగలో చాలామంది కుకీ అంటారు, కొందరు "మేం థాడౌలం, అంతే" అంటారు. హ్మార్లు తమ పేరుతోనే ఉంటారు. గంగ్‌తే, వైఫే వంటి తెగల్లో ఒకే కుటుంబంలో ఇద్దరు అన్నదమ్ములు చెరో పేరు చెప్పినా ఆశ్చర్యపోకండి.

పేర్లు ఎలా వచ్చాయి

చిన్ అన్నది బర్మీయుల మాట. బర్మాలో పగాన్ రాజుల కాలపు శాసనాల్లోనే "ఖ్యాన్" అన్న రూపం ఉంది. కుకీ బెంగాల్, త్రిపుర వైపు మాట. 1777లో చిట్టగాంగ్ అధికారి వారెన్ హేస్టింగ్స్‌కు రాసిన లేఖలో కొండల నుంచి దాడులు చేసే "కుకీ"ల ప్రస్తావన వస్తుంది. అంటే బర్మా వైపు నుంచి కొండెక్కిన బ్రిటిష్ అధికారి చిన్ అని రాశాడు, బెంగాల్ వైపు నుంచి ఎక్కినవాడు కుకీ అని రాశాడు, మధ్యలో లుసేయి (నేటి మిజోల్లో ఒక తెగ) నాయకులు ఏలిన భాగానికి "లుషాయ్" అని పేరు పడింది. కొండ ఒకటే, ఎక్కిన దారులు మూడు.

దీన్ని బ్రిటిష్ వాళ్లే ఒప్పుకున్నారు. 1896లో చిన్ కొండల గురించి అధికారిక గ్రంథం రాసిన కేరీ, టక్ అనే ఇద్దరు అధికారులు "మేం చిన్ అని పిలిచేవాళ్లు ఆ పేరును గుర్తించరు" అన్న అర్థంలో రాసి, ఉత్తరాన వాళ్లు తమను "యో" అనీ, హాఖా వైపు వాళ్లు "లాయ్" అనీ చెప్పుకుంటారని నమోదు చేశారు. ఆ "యో"యే జో. దానికి "మీ" అంటే మనిషి, జనం అన్న మాట చేర్చితే జోమీ. అదే రెండు ముక్కల్ని తిరగేస్తే మిజో. జో అంటే ఎత్తయిన చల్లటి కొండ అని కొందరు, జో అనే మూలపురుషుడి పేరని మరికొందరు అంటారు. వంశావళులు చెప్పే పెద్దలు రెండోదాన్నే గట్టిగా పట్టుకుంటారు. నా ఉద్దేశంలో ఆ వాదన తేలేది కాదు, తేలకపోయినా నష్టం లేదు.

ఒకే జనం వేర్వేరు పాలనల్లోకి ఎలా వెళ్లారు

నన్నడిగితే జోమీ ఉద్యమం ఎందుకు పుట్టిందో తెలియాలంటే మూలాల కన్నా ముందు చదవాల్సింది ఇదే.

1871-72లో బ్రిటిష్ వాళ్ల లుషాయ్ దండయాత్ర జరిగింది. ఆ సందర్భంలోనే గ్విటే వంశపు నాయకుడు గో ఖువా థాంగ్‌ను మణిపుర్ సేన పట్టుకుపోయింది, ఇంఫాల్‌లో బందీగా ఉండగానే ఆయన చనిపోయాడు. 1889-90లో చిన్-లుషాయ్ దండయాత్రతో కొండలు పూర్తిగా బ్రిటిష్ వాళ్ల చేతికొచ్చాయి. 1892 జనవరిలో కలకత్తా ఫోర్ట్ విలియంలో అధికారులు సమావేశమై, ఈ కొండల ప్రాంతమంతా ఒకే పాలన కిందికి రావడం మంచిదని అభిప్రాయపడ్డారు. అది జరగలేదు. 1898లో లుషాయ్ కొండలను (నేటి మిజోరం) అస్సాంకు కలిపారు, చిన్ కొండలు బర్మాలోనే ఉండిపోయాయి, మణిపుర్ కొండలు సంస్థానం కింద ఉన్నాయి, చిట్టగాంగ్ కొండలు బెంగాల్‌లో ఉండిపోయాయి. 1937లో బర్మాను ఇండియా నుంచి విడదీయడంతో జిల్లా సరిహద్దు లాంటిది కాస్తా దేశ సరిహద్దు అయింది.

ఆ తర్వాత ఒక్కో ముక్క ఒక్కో దారి. వంశపారంపర్య నాయకత్వాన్నే తీసుకోండి. తెదిమ్, పైతే భాషల్లో ఊరి దొరను "హౌసా" అంటారు, మిజోలో "లాల్". చిన్ కొండల్లో 1948 ఫిబ్రవరి 20న ఫలామ్‌లో జరిగిన మహాసభ హౌసాల పాలన వద్దని భారీ ఆధిక్యంతో తీర్మానించింది. మిజో కొండల్లో 1954 చట్టంతో దొరల హక్కులు పోయాయి. మణిపుర్‌లో 1967లో అలాంటి చట్టమే చేశారు గానీ అమలు చేయలేదు. కాబట్టి ఈ రోజుకీ చురాచాంద్‌పుర్ జిల్లాలో చాలా ఊళ్ల భూమి హౌసా పేరున ఉంటుంది. ఊరివాళ్లకు అనుభవ హక్కే గానీ పట్టా ఉండదు. మణిపుర్ భూవివాదాల మీద రాసేవాళ్లు ఈ తేడా పట్టించుకోకుండా మిజోరంలో ఉన్నట్టే ఇక్కడా ఉంటుందనుకుని తప్పులో కాలేస్తుంటారు. రాజ్యాంగపరంగానూ ఇంతే. మనకు 371డి ఉన్నట్టు మణిపుర్ కొండ ప్రాంతాలకు 371సి, మిజోరానికి 371జి. రక్షణలు ఒకటి కావు.

ఆ ఫిబ్రవరి 20 తేదీ గుర్తుపెట్టుకోండి. మయన్మార్‌లో దాన్ని చిన్ జాతీయ దినోత్సవం అంటారు, జోమీలు అదే రోజును "జోమీ నామ్ ని" అని జరుపుకుంటారు. మిజోరం పూర్తి రాష్ట్రం అయింది కూడా 1987 ఫిబ్రవరి 20నే, అది కాకతాళీయం.

పేరును సంస్థలు ఎత్తుకున్న క్రమం చూస్తే: 1953లో చిన్ కొండల బాప్టిస్టు సంఘాలన్నీ కలిసి ఏర్పడినప్పుడు పెట్టుకున్న పేరు జోమీ బాప్టిస్ట్ కన్వెన్షన్. తర్వాత అది చిన్ అని మారింది, ఆ మార్పు మీద అసంతృప్తి ఇప్పటికీ ఉంది. మణిపుర్‌లో టి. గౌగిన్ 1972లో జోమీ నేషనల్ కాంగ్రెస్ పెట్టారు. మయన్మార్‌లో 1988 ప్రజాస్వామ్య ఉద్యమం తర్వాత అదే పేరుతో వేరే పార్టీ వచ్చి 1990 ఎన్నికల్లో రెండు సీట్లు గెలిచింది. ఈ రెంటినీ ఒకటే అనుకోవద్దు. 1988లోనే మిజోరంలోని చంఫాయ్‌లో సరిహద్దుకు రెండువైపులా ఉన్నవాళ్లు కలిసి పునరేకీకరణ మహాసభ జరిపారు. ఆ తర్వాతి సంస్థ "జోరో" (జో రీ-యూనిఫికేషన్ ఆర్గనైజేషన్), 1993లో ఏర్పడిన "జెడ్‌ఆర్‌ఓ" (జోమీ రీ-యూనిఫికేషన్ ఆర్గనైజేషన్) వేర్వేరు. మొదటిది రాజకీయ, ప్రజా వేదిక. రెండోదానికి సాయుధ విభాగం ఉంది. వార్తల్లో వీటిని తారుమారు చేయడం మామూలైపోయింది.

మూలాలు: ఎంతవరకు గట్టి, ఎక్కడి నుంచి ఊహ

వెనక్కి నడిచే కొద్దీ ఆధారం పలచబడుతుంది. అందుకే దగ్గర నుంచి దూరానికి చెప్తాను.

గట్టి నేల: చీమ్‌నువాయ్. తెదిమ్ ప్రాంతంలో సైజాంగ్ ఊరి దగ్గరున్న ఈ పాత స్థలం నుంచే తమ వంశాలు చీలిపోయి వెళ్లాయని తెదిమ్, పైతే, జౌ, సిమ్‌తే వంటి ఉత్తర శాఖలన్నీ చెప్తాయి. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు యాసల్లో ఉన్న కుటుంబాల వంశావళులు ఇక్కడికి వచ్చేసరికి ఒకే పేర్ల దగ్గర కలుస్తాయి. ఒకరినొకరు చూసి రాసుకునే అవకాశం లేని వంశావళులు ఒకచోట కలిశాయంటే దానికి విలువ ఇవ్వాలి.

దానికి ముందు: మయన్మార్‌లోని చింద్విన్ నది, కబావ్-కలే లోయలు. అక్కడి నుంచి షాన్ జాతి ప్రభువుల ఒత్తిడితో కొండలెక్కామన్నది మౌఖిక చరిత్ర. భాష పంపకం కూడా దీనికి సరిపోతుంది. పడమటికి వెళ్లినకొద్దీ యాసలు ఒకదాన్నుంచి ఒకటి చీలినట్టు కనిపిస్తాయి, లుసేయిలు టియావు నది దాటి నేటి మిజోరంలోకి వెళ్లడం వీటన్నిటిలో చివరి అంకాల్లో ఒకటి.

అంతకు ముందు: టిబెట్ పీఠభూమి అంచు, చైనా నైరుతి భాగం. ఇది భాషా కుటుంబాన్ని బట్టి చెప్పే మాట. కుటుంబం ఆ వైపు నుంచి వచ్చిందనడంలో పెద్ద వివాదం లేదు. కానీ ఫలానా శతాబ్దంలో ఫలానా దారిన జోమీలు వచ్చారని తేదీలతో గీసిన పటాలు కనిపిస్తే నమ్మకండి. అప్పటికి జోమీ, మిజో, కుకీ అన్న విభజనే లేదు.

ఇక గుహ కథ. భూమి లోపలి నుంచి ఒక గుహ ద్వారా బయటికొచ్చామని అందరూ చెప్తారు. పైతే, తెదిమ్, థాడౌ వైపు దాన్ని ఖుల్ అంటారు, లుసేయిలు ఛిన్‌లుంగ్, హ్మార్లు సిన్‌లుంగ్ అంటారు. లుసేయిల కథలో రాల్తే తెగవాళ్లు బయటికొస్తూ తెగ గోల చేశారనీ, ఇప్పటికే చాలామంది వచ్చేశారనుకుని దేవుడు బండతో గుహ మూసేశాడనీ ఉంటుంది (రాల్తేలను ఇప్పటికీ ఆ మాటతో ఆటపట్టిస్తారు). కొందరు ఉత్సాహవంతులు ఈ గుహను చైనా మహాకుడ్యంతోనో ఆ దేశపు పాత చిన్ రాజవంశంతోనో ముడిపెడతారు. పేర్లు కాస్త కలిసినట్టు వినిపించడం తప్ప దానికి వేరే ఆధారం లేదు.

పాత గ్రంథాల ప్రస్తావన వచ్చినప్పుడు కూడా జాగ్రత్త. 1783లో బర్మా వెళ్లిన ఇటాలియన్ పాద్రి సాంజెర్మానో తన గ్రంథంలో "జో" అనే చిన్న జాతిని పేర్కొన్నాడని జోమీ చరిత్రల్లో తరచూ చూస్తారు. ఆ భాగం పూర్తిగా చదివితే ఆయన చెప్పింది చిన్ కొండలకు తూర్పున ఉన్నవాళ్ల గురించి. వాళ్లు ఒకప్పుడు చిన్‌లై ఉండి క్రమంగా బర్మీయులుగా మారి, బర్మీస్ భాషే యాసగా మాట్లాడతారని అంటాడు. అది యావ్ లోయ జనం గురించి అయ్యే అవకాశమే ఎక్కువ. సగం వాక్యం తీసుకుని మిగతాది వదిలేస్తే ఎవరి చరిత్రైనా పాతదైపోతుంది.

బంధుత్వానికి మీరే చూడగల ఆధారం

పుస్తకాలు అక్కర్లేదు, అంకెలు చాలు. తెదిమ్‌లో ఒకటి నుంచి పది: ఖత్, నిహ్, థుమ్, లి, ఙా, గుక్, సగిహ్, గియత్, కువా, సోమ్. మిజోలో: ఖత్, హ్నిహ్, థుమ్, లి, ఙా, రుక్, సరిహ్, రియత్, కువా, సోమ్ (లెక్కపెట్టేటప్పుడు తొమ్మిది వరకూ ముందు "ప" చేరుస్తారు). థాడౌలో: ఖత్, ని, థుమ్, లి, ఙా, గుప్, సగి, గెత్, కో, సోమ్.

ఆరు, ఏడు, ఎనిమిది చూడండి. మిజోలో "ర" ఉన్నచోట తెదిమ్, థాడౌల్లో "గ" ఉంది. ఇది అంకెలకే పరిమితం కాదు. నేల, దేశం అన్న మాట మిజోలో రామ్, తెదిమ్‌లో గామ్. పాము మిజోలో రూల్, తెదిమ్‌లో గూల్. వాన మిజోలో రువా, తెదిమ్‌లో గువా. మాటలు అరువు తెచ్చుకుంటే ఇంత క్రమంగా మారవు. ఒకే తల్లి భాష చీలినప్పుడే ఇలా ఒక ధ్వనికి ఒక ధ్వని బదులొస్తుంది. రాజకీయంగా ఎవరు ఏ పేరు పెట్టుకున్నా ఈ వరస మారదు. పైగా పైతే, తెదిమ్, జౌ, సిమ్‌తే, వైఫే, థాడౌ భాషలు ఉత్తర శాఖగా ఒక గుంపు. అంటే భాష లెక్కన పైతేకు మిజో కన్నా థాడౌ దగ్గర. రాజకీయాల్లో పైతేలు, థాడౌలు వేర్వేరు శిబిరాల్లో ఉన్నారు. భాషను బట్టి రాజకీయం ఊహించకూడదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

లిపి సంగతి

చాలామంది "వాళ్లకు మిషనరీలు వచ్చేవరకు లిపి లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది సగమే. ఇప్పుడు వాడే రోమన్ అక్షరాల పద్ధతి మిషనరీల కాలంలో స్థిరపడిన మాట నిజం. 1899లో కార్సన్ దంపతులు హాఖా వచ్చారు, 1910లో జె. హెచ్. కోప్ తెదిమ్ వచ్చి ఆ భాషలో బడి పుస్తకాలు, ప్రార్థన పుస్తకాలు తయారు చేయించాడు. 1910లోనే మణిపుర్ వైపు వాట్కిన్ రాబర్ట్స్ సెన్‌వోన్ ఊరికి వచ్చాడు.

కానీ అదే సమయంలో తెదిమ్ కొండల్లో పౌ చిన్ హౌ (1859-1948) అనే వ్యక్తి, ఏళ్ల తరబడి జబ్బుపడి ఉన్నప్పుడు తనకు కలలో దర్శనమిచ్చాయంటూ సొంత లిపి తయారు చేశాడు. మొదటి రూపంలో మాటకో గుర్తు చొప్పున 1,050 గుర్తులు ఉండేవి. ఇన్ని నేర్చుకోవడం కష్టం కాబట్టి కుదిస్తూ వచ్చి 1930ల మొదట్లో 57 గుర్తులకు తెచ్చాడు: 21 హల్లులు, 7 అచ్చులు, మాట చివర వచ్చే హల్లులకు 9, స్వరభేదాలకు 20. స్వరానికే 20 గుర్తులు ఎందుకంటే ఈ భాషల్లో పలికే స్థాయి మారితే అర్థం మారిపోతుంది. రోమన్ రాతలో ఆ తేడా అసలు కనిపించదు. ఆ విషయంలో ఆయన లిపే మెరుగు. 2014లో యూనికోడ్ 7.0లో ఈ లిపి చేరింది.

ఆయన మతాన్ని లాయ్‌పియాన్ అంటారు. పాసియాన్ అనే ఒక్క దేవుణ్ణే కొలవాలి, దయ్యాలకు పశుబలులు ఆపాలి అన్నది దాని సారం. జబ్బు చేసిన ప్రతిసారీ కోళ్లు, పందులు, మిథున్‌లు (అక్కడి కొండ పశువులు) బలిస్తూ కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోయే రోజుల్లో ఈ మాట ఎందుకు పాకిందో ఊహించుకోవచ్చు. తర్వాత ఎక్కువమంది క్రైస్తవంలోకి వెళ్లారు, అయినా తమకంటూ ఒక ప్రవక్త, ఒక లిపి ఉన్నాయన్న భావం జోమీ అస్తిత్వంలో ఇప్పటికీ బలంగా ఉంది.

సంస్కృతి: పైకి కనిపించేది, లోపల పనిచేసేది

పైకి కనిపించేవి బట్టలు, పండుగలు. నల్లని నేల మీద రంగు చారలతో నేసే "పువాన్‌దుమ్" ముఖ్యమైన శాలువా; పెళ్లికీ కప్పుకుంటారు, చావుకీ కప్పుకుంటారు. నడుముకు కట్టుకుని నేసే మగ్గం మీద దీన్ని నేస్తారు. పంట పండుగ ఖువాదో (పైతేలు ఖోదౌ అంటారు), సెప్టెంబరు-అక్టోబరుల్లో వస్తుంది. కాగడాలు పట్టుకుని ఊళ్లోంచి చెడును తరమడం, తేనెపట్టు తెచ్చి అందులోని పిల్లలను బట్టి వచ్చే ఏడాది ఎలా ఉంటుందో చూడడం అందులో భాగం. మణిపుర్‌లో నవంబరు 1న జరిగే కుట్ పండుగ అన్ని తెగలకూ ఉమ్మడిది. వ్యవసాయం మన ఏజెన్సీలో పోడు లాంటిదే, కొండ వాలు నరికి కాల్చి విత్తడం. తెదిమ్ వైపు వరి కన్నా మొక్కజొన్న ముఖ్యం.

లోపల పనిచేసేది బంధు వ్యవస్థ. దాన్ని ఇన్‌దోంగ్‌తా అంటారు. ప్రతి ఇంటికీ కొన్ని నిర్ణీత పాత్రలు ఉంటాయి. "పూ" అంటే తల్లి పుట్టింటివైపు పెద్ద. "తాను" అంటే ఆ ఇంటి నుంచి పెళ్లై వెళ్లిన ఆడపడుచు కుటుంబం. "జోల్" అంటే రక్తసంబంధం లేకపోయినా ఆ స్థానంలో నిలబెట్టుకున్న స్నేహితుడు. వీళ్లతోపాటు సొంత వంశం వాళ్లు ఉంటారు. పెళ్లి, చావు, పంచాయతీ ఏదొచ్చినా వీళ్లు కూర్చోకుండా జరగదు. తాను కుటుంబం వంటా, వడ్డనా, శవసంస్కారం పనులు మోస్తుంది. జంతువును కోస్తే ఏ బంధువుకు ఏ భాగం అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. తప్పు భాగం వెళ్తే అది అవమానం కిందే లెక్క. క్రైస్తవం వచ్చాక బలులు పోయాయి, పాత పాటలు చాలావరకు పోయాయి, ఇన్‌దోంగ్‌తా మాత్రం పోలేదు. టల్సాలో పెళ్లి జరిగినా ఈ పాత్రలు పంచుతారు. ఎవరైనా జోమీ సంస్కృతి గురించి రాస్తూ నాట్యాలూ శాలువాలూ చెప్పి ఇది వదిలేస్తే అసలుది వదిలేసినట్టే.

మనకు ఆసక్తికరమైన పోలిక మేనరికం. థాడౌలలో, మరికొన్ని శాఖల్లో మేనమామ కూతుర్ని చేసుకోవడం మంచి సంబంధం. కానీ మేనత్త కూతుర్ని చేసుకోకూడదు. మనలో రెండూ వరసే. అక్కడ పిల్లనిచ్చే వంశం, పుచ్చుకునే వంశం అని దిశ స్థిరంగా ఉంటుంది, పిల్లనిచ్చిన వంశం నుంచి మళ్లీ పిల్లను తెచ్చుకోవచ్చు గానీ ఆ వంశానికి తమ పిల్లను ఇవ్వకూడదు. తాను, పూ పాత్రల బలం అక్కడి నుంచే వస్తుంది.

పేరు చదివే పద్ధతి

ఇది మీ ఆఫీసులో రోజూ పనికొస్తుంది. తెదిమ్, పైతే, జౌ వాళ్లలో ఇంటిపేరు మామూలుగా వాడరు. పేరుకు సాధారణంగా మూడు ముక్కలు. తాత పేరులో చివరి ముక్క మనవడి పేరుకు మొదటి ముక్క అవుతుంది. తాత పేరు "చిన్ ఖుప్ పౌ" అనుకుంటే పెద్ద మనవడి పేరు "పౌ"తో మొదలవుతుంది, ఉదాహరణకు "పౌ సువాన్ మాంగ్". ఆ మనవడికి మనవడు పుడితే వాడి పేరు "మాంగ్"తో మొదలవుతుంది. పెద్దకొడుక్కి నాన్న తండ్రి నుంచి, రెండో కొడుక్కి అమ్మ తండ్రి నుంచి, పెద్దమ్మాయికి నాయనమ్మ నుంచి, రెండో అమ్మాయికి అమ్మమ్మ నుంచి ముక్క వస్తుంది. మన దగ్గర తాత పేరు పూర్తిగా పెట్టేస్తాం, వాళ్లు గొలుసులా అల్లుతారు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, పాస్‌పోర్టు, బ్యాంకు, కంపెనీ సాఫ్ట్‌వేర్ "ఇంటిపేరు" గడి నింపమంటాయి. చివరి ముక్క అందులో వేస్తారు. దాంతో ఒకే ఇంటి అన్నదమ్ములకు మూడు ఇంటిపేర్లు, తండ్రికి ఇంకోటి. హెచ్‌ఆర్ వాళ్లు "కుటుంబ సభ్యుడని రుజువేది" అని ఇన్సూరెన్స్ ఆపేస్తారు. అలాంటప్పుడు పూర్తి పేరును ఒకే గడిలో ఉంచి, బంధుత్వానికి జనన ధ్రువపత్రం లేదా తండ్రి పేరున్న పత్రం తీసుకోవడం మేలు. చివరి ముక్క పట్టుకుని "మిస్టర్ మాంగ్" అని పిలవకండి, అది మనిషిని కాకుండా ఒక అక్షరాన్ని పిలిచినట్టుంటుంది. పెద్దవాళ్లకు పేరు ముందు మగవారికి "పూ", ఆడవారికి "పీ" చేరిస్తే మన "గారు"కు సరిపోతుంది.

సర్టిఫికెట్‌లో "పైతే" ఎందుకు

షెడ్యూల్డ్ తెగల జాబితాలో "జోమీ" అన్న పేరు లేదు. మణిపుర్ జాబితాను 1956లో సవరించినప్పుడు పైతే, జౌ, సిమ్‌తే, వైఫే, థాడౌ, హ్మార్ అని విడివిడిగా పెట్టారు. తర్వాత 2003లో మణిపుర్‌కు "ఏ కుకీ తెగలైనా" అన్న పద్దు చేరింది, మిజోరం జాబితాలో పైతే చేరింది. కాబట్టి రిజర్వేషన్‌కు తెగ పేరే కావాలి. ఎవరైనా దరఖాస్తులో తెగ గడిలో జోమీ అని రాస్తే తిరస్కరణకు గురయ్యే అవకాశం ఉంది. మీ సహోద్యోగి చెప్పినదానికీ సర్టిఫికెట్‌కీ మధ్య వైరుధ్యం లేదు, అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

ఇజ్రాయెల్ వాదన

1951లో మిజో కొండల్లో ఒక క్రైస్తవుడికి కలిగిన దర్శనంతో "మనం తప్పిపోయిన యూదు తెగ" అన్న నమ్మకం మొదలైంది. థాడౌ, హ్మార్ల కథల్లో మన్‌మాసి అనే పూర్వీకుడి పేరు బైబిలులోని మనష్షేను (తప్పిపోయాయని చెప్పే తెగల్లో ఒకదాని మూలపురుషుణ్ణి) పోలి ఉండడం దానికి బలం ఇచ్చింది. ఇజ్రాయెల్ నుంచి వచ్చిన రబ్బీ (యూదు మతగురువు) ఎలియాహు అవిఖాయిల్ వీళ్లకు బ్నెయ్ మెనాషే అని పేరు పెట్టారు. 2005లో అక్కడి సెఫార్దీ (యూదుల్లో ఒక శాఖ) ప్రధాన రబ్బీ వీళ్లను గుర్తించడంతో వేల మంది వలస వెళ్లారు. వలస నిజం, విశ్వాసం నిజం. కానీ భాషలో హీబ్రూ జాడ ఏమీ లేదు, జన్యు పరిశోధనలు వాదనను నిలబెట్టలేకపోయాయి, ఇదంతా బైబిలు అక్కడికి చేరాక పుట్టిన మాట. జోమీల్లో అత్యధికులు క్రైస్తవులే, ఈ వాదనతో వాళ్లకు పనిలేదు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదు సమూహం ఉంది. బ్నెయ్ మెనాషేకు గుర్తింపు వచ్చింది, వీళ్లకు ఆ స్థాయిలో రాలేదు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే "మూలం" అన్నది ఎలా నిర్ణయమవుతుందో బాగా తెలుస్తుంది.

ఇప్పుడు ఏ పేరు వాడాలి

1997 జూన్‌లో కుకీలకూ పైతేలకూ మధ్య మొదలైన హింస 1998 అక్టోబరు 1 ఒప్పందంతో ఆగింది. ఒకరి ఉమ్మడి పేరును మరొకరు గౌరవించాలన్నది ఆ ఒప్పందంలో ఒక అంశం. అంటే పేరు కోసం ప్రాణాలు పోయిన చోటు అది. ఆ తరం ఇంకా ఉంది, అందుకే మీ సహోద్యోగి వెంటనే సరిదిద్దారు. 2023 మే 3న మణిపుర్‌లో హింస మొదలయ్యాక మాత్రం లోయలో ఎక్కువగా ఉండే మైతేయిలకు ఎదురుగా నిలిచిన ఈ తెగలన్నిటికీ కలిపి "కుకీ-జో" అన్న జంట పేరు వాడుకలోకి వచ్చింది. వార్తల్లో మీరు చూసేది అదే. అది రాజకీయ ఐక్యతకు పెట్టుకున్న పేరు, తెగ పేరు కాదు. థాడౌల్లో కొందరు, ఇతర తెగల్లో ఇంకొందరు దాన్ని ఒప్పుకోరు.

కాబట్టి మణిపుర్ ఘటనల గురించి మొత్తంగా రాస్తుంటే కుకీ-జో, మయన్మార్ వైపు మొత్తంగా అయితే చిన్, తెదిమ్-తోన్‌జాంగ్ వాళ్ల గురించి ప్రత్యేకంగా అయితే జోమీ, మిజోరం రాష్ట్రం సందర్భంలో మిజో. ఒక వ్యక్తి గురించి అయితే ఆయన్నే అడగండి. "మీరు ఏ తెగ?" అని ముందు అడిగి, తర్వాత "మొత్తంగా ఏమని చెప్పుకుంటారు?" అని అడిగితే సరిపోతుంది. ఈ రెండో ప్రశ్నను కుకీయా జోమీయా అని రెండు గడులు పెట్టి అడగొద్దు.